గుర్తుమాట తెలియని మనిషి

గంటలో వస్తానన్నాడు. గంటంటే ఎంతసేపని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే చెప్పలేను, ఎందుకంటే మా పిల్లల వార్డు గోడ మీద ఏనుగు బొమ్మ కడుపులో ఉన్న గడియారం ఇవాళ కదలనని మొండికేసింది. కదులుతూనే ఉంది పాపం, నేనే దాన్ని గుచ్చి గుచ్చి చూస్తున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, కిటికీ తెరలు దించాను, పిల్లలందరూ తలో వైపు కాళ్లు పడేసి నిద్రపోతున్నారు, చిన్న సిస్టర్ మందుల ట్రే సర్దుకుంటోంది, మూల మంచం మీద పిల్లాడి ముక్కు దిబ్బడేసి ఈల వేస్తోంది, మామూలుగా అయితే రోజు మొత్తంలో నాకు బాగా నచ్చే వేళ ఇదే, చెప్పుల్లోంచి కాళ్లు తీసి కుర్చీ కింద వేళ్లు విప్పుకునే వేళ. ఇవాళ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కిటికీ పక్క మంచం దగ్గరికి వెళ్తాను, ఏడేళ్ల పిల్ల, నిన్నంతా కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయిన పిల్ల, పొద్దున అపెండిక్స్ ఆపరేషన్ అయింది, బాగానే అయింది, నాడి బాగుంది, మత్తు దిగుతోంది, దుప్పటి సర్దుతాను, సర్దిన దుప్పటినే మళ్లీ సర్దుతాను, తలుపు వైపు చూస్తాను. ఆ తలుపులోంచి మనిషి వస్తే ఒక భయం, రాకపోతే ఇంకో భయం.

ఇందాక ఫోను మోగినప్పుడు నేను భలే హుషారుగా ఉన్నాను. మగ గొంతు, వెనక రోడ్డు రొద. "పిల్లల వార్డేనా అండీ? మా పిచ్చుకకి ఎలా ఉంది? ఆపరేషన్ అయిపోయిందా?" అన్నాడు. పిచ్చుకంటే కిటికీ పక్క మంచం పిల్లే, ఇంట్లో దాని ముద్దుపేరది. ఎవరు మాట్లాడుతున్నారంటే వాళ్ల నాన్ననన్నాడు. సరే, గుర్తుమాట చెప్పండి అన్నాను. మా దగ్గర అదొక పద్ధతి, పిల్లని చేర్చేటప్పుడే ఇంటివాళ్లు ఒక మాట అనుకుని మాకు చెబుతారు, పువ్వు పేరో, పక్కింటి కుక్క పేరో, ఏదైనా సరే, ఆ మాట చెప్పినవాళ్లకే ఫోన్లో పిల్ల సంగతులు చెబుతాం, చెప్పలేనివాళ్లకు పిల్ల ఇక్కడుందని కూడా చెప్పం. ఈ పిల్లకి తల్లి లేదు, నాయనమ్మే పెంచుతోంది, మాట పెట్టింది కూడా ఆవిడే, చాలాసేపు ఆలోచించి నా చెవిలో చెప్పానని అనుకుంటూ వార్డంతా వినబడేలా చెప్పింది, ఆవిడకి చెవుడు. ఫోన్లో మనిషికి ఆ మాట తెలియదు. పిచ్చుకా? అన్నాడు, కాదండీ అన్నాను. పోనీ మా అమ్మ పేరా? కాదండీ. గుటక మింగిన చప్పుడు వినబడింది. "సిస్టరమ్మా, నేను దాని కన్నతండ్రిని, లారీ మీదున్నాను, పిల్ల ఎలా ఉందో ఒక్క మాట చెప్పండి చాలు" అన్నాడు, గొంతు వణికింది. ఆ వణుకు వినగానే నాకు నవ్వొచ్చింది. అవును, నవ్వే. "అబ్బ, ఎంత బాగా నటిస్తున్నారండీ! మా ఆయనతో చెప్పండి, నా దగ్గర మీ పప్పులుడకవని" అని పకపకా నవ్వాను, చిన్న సిస్టర్ కూడా ట్రే పక్కన పెట్టి నవ్వింది. తర్వాత "బయల్దేరుతున్నాను, గంటలో వస్తాను" అని పెట్టేశాడు.

మా ఆయన సంగతి తెలియకపోతే నేనెందుకు నవ్వానో తెలియదు. ఆయనది ఈ ఆసుపత్రిలోనే కంప్యూటర్ల భద్రత చూసే ఉద్యోగం, పెళ్లయిన కొత్తలో అడిగినవాళ్లందరికీ కంప్యూటర్లు బాగుచేస్తాడని చెప్పేదాన్ని, ఆయన ఉడుక్కునేవాడు. ఈ మధ్య ఆయన మా అందరికీ ఒక పాఠం చెప్పాడు, సోషల్ ఇంజినీరింగ్ అంట, ఇంజినీరింగ్ అనగానే వెనక వరసలో సగం మంది వంతెనల గురించేమో అనుకుని కునుకు మొదలెట్టారు. తాళం పగలగొట్టే దొంగకన్నా తాళం మనచేతే తీయించుకునే దొంగ గొప్పవాడు, వాడు తియ్యగా మాట్లాడతాడు, లేదా తొందరపెడతాడు, లేదా పెద్ద డాక్టరునంటూ కసురుతాడు, మీరు మంచివాళ్లు కాబట్టే మీ దగ్గరికి వస్తాడు, అన్నాడు. పాఠమయ్యాక పరీక్షలు. వారం తిరక్కుండా ఒక మనిషి భుజాన నిచ్చెన వేసుకుని ఆసుపత్రి మొత్తం తిరిగాడు, నిచ్చెన మోసుకొచ్చేవాణ్ని లోకంలో ఎవరూ ఆపరు, అందరూ తలుపులు తీసి పట్టుకున్నారు, ఎముకల డాక్టరుగారైతే 'చూసుకోవయ్యా, తల తగులుతుంది' అని జాగ్రత్త కూడా చెప్పారు, రికార్డు గదిలో ఆయా పాపం మంచినీళ్లిచ్చింది. ఆ మనిషి మా ఆయన పంపినవాడు. ఇంకోసారి కొత్త డ్యూటీ చార్టు వచ్చింది ఇక్కడ నొక్కి చూసుకోండని మెయిలు పంపితే పండగ సెలవు ఎవరికి పడిందో చూద్దామని జనం పోటీలుపడి నొక్కారు, నొక్కినవాళ్లంతా ఆ రోజు క్యాంటీన్లో తేలుకుట్టిన దొంగల్లా తలొంచుకుని తిన్నారు. నేను నొక్కలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ఆయన ఇంట్లో ఇంకా గెలవలేదు, నన్ను పడగొడితే నెలరోజులు అంట్లు నేను తోమాలి, పడగొట్టలేకపోతే ఆయన తోమాలి, ఇదీ పందెం. అంచేత ఏ ఫోను మోగినా ఇది ఆయన వేసిన వలేమో అని చెవులు రిక్కించి కూర్చుంటున్నాను కొన్నాళ్లుగా. పక్క వార్డు సిస్టర్ దూది అప్పడిగినా రెండుసార్లు ముఖం చూస్తున్నాను.

మా అమ్మ బతికుంటే ఈ అవతారం చూసి ముక్కున వేలేసుకునేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నాకు ఉగ్గుపాలతో పోసిన మనిషి, నర్సుకి సూది కన్నా ముందు మాట రావాలే అనేది, అడిగినవాళ్లకి లేదనకుండా చెప్పు, తెలియకపోతే తెలుసుకుని చెప్పు అనేది. నేను అలాగే చేశాను ఇన్నేళ్లూ. ఫోను తీసి బాబుకి జ్వరం దిగిందండీ, ఇప్పుడే ఈడ్చి తన్నాడండీ నన్ను, అని చెబితే అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినబడుతుందే, దానికోసమే సగం ఉద్యోగం చేశాను. ఇప్పుడా ఊపిరి ఎవరిదో కనుక్కున్నాక గాని చెప్పకూడదు. తప్పని అనను, ఎవడో బిడ్డ మీద కన్నేసినవాడు అడిగినా మా పాత పద్ధతిలో మంచం నంబరుతో సహా చెప్పేసేవాళ్లం, తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది, మా ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కాని చెప్పనని చెప్పడానికి ఒక పద్ధతి ఉంది కదా. నవ్వమని ఎవరు చెప్పారు నన్ను?

ఆ ఫోను పెట్టగానే గెలిచానన్న సంబరంతో ఆయనకి చేశాను. "ఏమండీ, మీ లారీ డ్రైవరు ఓడిపోయాడు, ఇవాళ్టినుంచి గిన్నెలు మీవే, పీచు కొత్తది తెచ్చుకోండి" అన్నాను. ఆయన ఏ లారీ డ్రైవరన్నాడు. నాటకాలొద్దన్నాను. "నిజంగా చెబుతున్నా, ఇవాళ మావాళ్లెవరూ ఫోను ముట్టుకోలేదు. అయినా పిల్లల వార్డుకి మేం పరీక్షలు పెట్టం, అది మొదట్లోనే అనుకున్నాం, నీకూ చెప్పానుగా?" అన్నాడు. చెప్పే ఉంటాడు, నేను కుక్కర్ మూత పెడుతూ విని ఉంటాను. అంటే ఆ వణుకు నటన కాదు. గుర్తుమాట లేకుండా నువ్వేమీ చెప్పలేదుగా, మంచిపని చేశావు, ఇంకేమన్నా అయిందా అన్నాడు. ఇంకేం కాలేదన్నాను. నవ్విన సంగతి నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

తిరిగి ఫోను చేద్దామంటే ఆ ఫోను ఆసుపత్రి పెద్ద నంబరు మీదుగా వచ్చింది, ఎక్కడినుంచో తెలియదు. మా దగ్గరున్నది నాయనమ్మ నంబరొక్కటే, ఆవిడేమో పిల్ల బాగుందని డాక్టరుగారు చెప్పగానే ఒకసారి స్నానం చేసి బట్టలు తెచ్చుకుంటానని ఇంటికెళ్లింది, చేస్తే మోగుతోంది, మోగినట్టు ఆవిడకి తెలియాలి కదా. ఇక చేసేదేముంది, కూర్చుని ఆ లారీని నడపడమే. ఇక్కణ్ణుంచి నేనే నడుపుతున్నాను దాన్ని, ముందు బండిని దాటిస్తున్నాను, ఎర్రదీపం దగ్గర ఆపుతున్నాను, ఆపు నాయనా, ఆపు, పిల్ల బాగానే ఉంది, నీ గుటక నాకు వినబడింది, దాటొద్దు, ఆ పెద్ద ట్రక్కుని దాటొద్దు. ఏమీ తెలియని మనిషి ఎంత వేగంగా నడుపుతాడో నాకు తెలుసు. అమ్మకి ఆపరేషన్ చేసిన రోజు నాన్న బయట బెంచీ మీద కూర్చోలేక వచ్చేపోయేవాళ్లందరినీ ఎలా ఉందండీ, ఎలా ఉందండీ అని అడిగాడు, నేను నర్సునే, పక్కనే ఉన్నాను, నన్ను అడగలేదు, నాకూ తెలియదని ఆయనకి తెలుసు. చివరికి నేల తుడవడానికొచ్చిన మనిషినీ అడిగాడు. ఆయన బకెట్ పక్కన పెట్టి "బాగానే ఉంటుందిలెండి పెద్దాయనా" అన్నాడు, ఆయనకేం తెలుసు, ఏమీ తెలియదు, కాని ఆ మాట పట్టుకుని మా నాన్న లేచి వెళ్లి ముఖం కడుక్కొచ్చాడు. ఆ మనిషికి మా ఆయన పెట్టే పరీక్షలో సున్నా వస్తుంది. నాకివాళ నూటికి నూరు వచ్చింది. ఈ నూరు తీసుకెళ్లి ఎక్కడ పారెయ్యాలో తెలియడం లేదు.

పిల్ల కదిలింది. కళ్లు సగం తెరిచి నన్నూ, సెలైన్ సీసానీ, గోడ మీద ఏనుగునీ వరసగా చూసి, ఏనుగు నచ్చినట్టుంది, దాన్నే చూస్తూ ఉండిపోయింది. నొప్పిగా ఉందా అన్నాను. తల ఊపింది, ఉందో లేదో అర్థం కాకుండా. తడి దూదితో పెదాలు అద్దాను. "నాన్నొస్తాడా?" అంది. చూశారా, ఇంతమంది పిల్లల్ని చూశాను, మత్తులోంచి లేవగానే కొందరు నీళ్లడుగుతారు, కొందరు చెప్పులడుగుతారు, ఒకడైతే నా వంకీల జుట్టు చూసి గొర్రెపిల్ల అన్నాడు, ఎవరు ఏమడిగినా ఏదో ఒకటి చెప్పి మరిపిస్తాను. ఈ పిల్లకి ఏం చెప్పను? వస్తాడంటే, వచ్చేది ఎవరో? రాడంటే నా నోరు పడిపోదూ? పడుకో తల్లీ, అన్నాను. పడుకునే ఉన్నాను కదా అంది. నిజమే.

అంతలో నాయనమ్మ సంచితో ఊగుతూ ఊగుతూ వచ్చింది, తలకి నూనె రాసుకుని నున్నగా దువ్వుకుని వచ్చింది. ప్రాణం లేచొచ్చి ఎదురెళ్లాను. "పెద్దమ్మా, మీ అబ్బాయి ఫోన్ చేశారు, గుర్తుమాట ఆయనకి చెప్పలేదా మీరు?" అని ఆవిడ చెవి దగ్గర అరిచాను, ఇద్దరు పిల్లలు లేచారు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మావాడు చెయ్యడమేంటి అమ్మాయీ? వాడికి ఆపరేషన్ సంగతే తెలీదు. బండి తోలేవాడికి కంగారు కబురు చెప్పకూడదని నేనే చెప్పలా" అంది. మరి ఇంకెవరన్నా చెప్పి ఉంటారా? "నేను చెప్పొద్దంటే మా వీధిలో ఎవరూ చెప్పరు" అని గొప్పగా తల ఎగరేసింది. కొడుక్కి చెయ్యమంటే చేసింది, ఎత్తలేదు, బండి మీదుంటే ఎత్తడంలే అంది. అప్పటిదాకా మనిషి రావాలని ఉన్న మనసు ఒక్కసారిగా తలకిందులైంది. మరి పిచ్చుక అని ఎలా తెలుసు? ఆపరేషనని ఎలా తెలుసు? ఎవడు వాడు, గంటలో వచ్చి ఏం చేద్దామని? అనుమానం పెనుభూతం అంటారే, అది వచ్చి నా పక్క కుర్చీలోనే కూర్చుంది. సెక్యూరిటీ ఆయన్ని పిలిచి తలుపు దగ్గర నిలబెట్టాను, ఎవరొచ్చినా నన్ను పిలవకుండా పంపొద్దన్నాను, లారీ డ్రైవరునంటాడు నమ్మొద్దన్నాను, నిచ్చెన తెచ్చినా సరే అన్నాను. కిటికీ గడియ వేశాను, రెండో అంతస్తు కిటికీకి లారీ ఎలా వస్తుందో ఆలోచించలేదు. పిల్ల మంచానికీ తలుపుకీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుని, రాకు నాయనా రాకు అనుకుంటున్నాను, ఇందాక ఎవరి క్షేమం కోసం ఎర్రదీపాల దగ్గర బ్రేకులు వేశానో ఆ మనిషినే. ఒకే మనిషి, గంటలో సగం తండ్రి, సగం దొంగ. ఏమీ తెలియకపోవడం ఎలా ఉంటుందో ఆ ఫోన్లో మనిషికి నేనే కదా రుచి చూపించాను, ఇప్పుడు నా వంతు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఒక్కో మెట్టూ కాదు, రెండేసి. సెక్యూరిటీ ఆయన చెయ్యడ్డం పెట్టి "ఎవరు కావాలండీ?" అన్నాడు. చొక్కా వీపు మీద చెమటకి అంటుకుపోయిన మనిషి, చేతులకి గ్రీజు, రొప్పుతున్నాడు, తలుపు అద్దంలోంచి లోపలికి చూస్తున్నాడు తప్ప అడిగినదానికి చెప్పడం లేదు. నేను లేచి ఎదురెళ్లాను. మాట అడగాలి, తెలియదని తెలిసీ అడగాలి, కార్డేదైనా ఉందా అని అడగాలి, నోరు తెరిచాను. నా వెనకనుంచి మత్తు ఇంకా పూర్తిగా దిగని గొంతు, వార్డులో మిగిలిన పిల్లలందర్నీ లేపేసేంత గొంతు: "నాన్నా! నా కడుపుకి కుట్లేశారు! నాకే వేశారు! చూద్దువుగాని రా!" నాయనమ్మకి కూడా వినబడింది. తిరిగి చూసి, "ఓరి నీ దుంపతెగ, నీకెవడు చెప్పాడ్రా?" అంది. ఎదురింటావిడ చెప్పిందట. చెప్పకుండా ఎందుకుంటుంది!

చేతులు కడుక్కుని రమ్మని నేనే సబ్బు చూపించాను. కడుక్కుంటూనే ఏడ్చాడు, నీళ్ల చప్పుడులో ఎవరికీ తెలియదనుకున్నట్టున్నాడు. తర్వాత మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కట్టు తీసి చూపిస్తానంటున్న పిల్ల చెయ్యి పట్టుకుని ఆపుతూ, కట్టు మీదనుంచే కనబడుతున్నాయిలే, చాలా గొప్పగా ఉన్నాయి కుట్లు అంటూ ఉంటే, నాయనమ్మ మాత్రం ఎదురింటావిడ వంశాన్ని మూడు తరాల వెనకనుంచి ఎత్తుకుంది. నేను దూరంగా నిలబడి నా ఏప్రన్ కొస నలుపుతున్నాను. క్షమించమనడం నాకు చేతకాదని కాదు, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలియలేదు, పప్పుల దగ్గర్నుంచా, నవ్వు దగ్గర్నుంచా? ఆయనే లేచి వచ్చాడు. ఫోన్లో మాట్లాడింది మీరేనా అన్నాడు. నేనేనన్నాను. తిడితే పడదామని తల కూడా వంచాను.

"ఫోను పెట్టాక తిట్టుకున్నానమ్మా మిమ్మల్ని, బాగా తిట్టుకున్నాను. బండి చాలా స్పీడుగా తోలాను. పెద్ద మలుపు దాటాక అనిపించింది, కన్నతండ్రికే చెప్పని మనిషి ఇంకెవరికి చెబుతుంది, మా పిల్ల గట్టివాళ్ల చేతిలోనే ఉంది అని."

"నేను నవ్వానండీ," అన్నాను. ఎలాగైతేనేం వచ్చేసింది బయటికి. "మీరు అంత కంగారులో ఉంటే నవ్వాను. మీరెవరో తెలియక..."

"అదేనమ్మా నేను చెప్పొచ్చేది," అన్నాడు, ఏడ్చిన కళ్లతోనే నవ్వుతూ. "ఆ నవ్వు గుర్తొచ్చింది నాకు. లోపల పిల్లకి ఏమైనా అయ్యుంటే ఆ వార్డులో సిస్టరు అట్లా పకపకా నవ్వుతుందా? ఏం కాలేదు, నా పిల్ల బాగుంది అనుకున్నాను. అక్కణ్ణుంచి స్పీడు తగ్గించాను."

మళ్లీ పిల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. నేను అక్కడే నిలబడిపోయాను, నవ్వాలో ఏడవాలో తేలక రెండూ చేశాను. గుర్తుమాట లేదు, పేరు చెప్పలేదు, మంచం నంబరు చెప్పలేదు, పిల్ల ఇక్కడుందని కూడా చెప్పలేదు, అయినా చెప్పాల్సిందంతా చెప్పేశాను, అదీ ముక్కూ మొహం తెలియని మనిషికి. లెక్కప్రకారం పందెం నేను ఓడిపోయినట్టే. అంట్లు తోముతాను, నెలరోజులూ నోరెత్తకుండా తోముతాను, ఎందుకు తోముతున్నావని మా ఆయన అడిగితే మాత్రం చెప్పను. చెబితే ఊరుకునే మనిషా ఆయన, వచ్చే పాఠంలో ఫోన్లో నవ్వొద్దని కూడా చేరుస్తాడు.